చక్రానికి పట్టిన నల్లధూళి, చేతికి మిగిలిన మరక

శుచి – నిత్యజీవితం

ప్రశ్న: మాది పెనుకొండ. జాతీయ రహదారి ప్రక్కన కార్లు కడిగే చిన్న సర్వీసింగ్ షెడ్డు నడుపుతున్నాను. నా వద్ద ఇద్దరు యువకులు పని చేస్తున్నారు. అలాయ్ చక్రాలకు పట్టే నల్లని బ్రేకు ధూళి మా అరచేతుల గీతల్లోనూ గోళ్ల చివర్లలోనూ దిగిపోతుంది. ఎంత తోమినా పూర్తిగా పోదు. ఈ చేతులతో చేసిన వుజూ చెల్లదని, ఈ బట్టలతో వరుసలో నిలబడవద్దని మసీదులో ఒక పెద్దాయన అన్నారు. అప్పటినుంచి మా కుర్రవాళ్లలో ఒకడు అసర్ నమాజుకు రావడం మానుకున్నాడు. మరొక సందేహం కూడా ఉంది. పది నిమిషాల్లో చక్రం తళతళలాడాలని గిరాకీలు కోరతారు. యాసిడ్ పూస్తే అలాగే అవుతుంది. కానీ కొన్నాళ్లకు చక్రం వెలిసిపోతుందని తెలిసినవారు అంటున్నారు. అడిగినవారికి అలా చేసిపెట్టి తీసుకునే డబ్బు హలాలేనా?

సమాధానం: 

మీరు అడిగిన రెండింటిలో మొదటిదానినే ముందుగా తేల్చాలి. దాని మూలంగా ఒక యువకుని నమాజు ఆగిపోయింది. సంపాదనకు సంబంధించిన సందేహం ఒక పూట ఆగవచ్చు. మసీదు గడప వద్ద వెనుదిరిగిన మనిషి విషయం ఆగరాదు.

ఈ ధూళి ఏమిటి?

ఒక వస్తువు స్వరూపం తెలిసిన తరువాతనే దానిపై తీర్పు చెప్పడం ఫిఖ్హ్ పండితుల పద్ధతి. కనుక ఈ నల్లధూళి ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం. కారు చక్రం లోపల పోత ఇనుముతో చేసిన డిస్క్ ఒకటి చక్రంతోపాటు తిరుగుతుంది. మనం బ్రేకు తొక్కినప్పుడు రెండు ప్యాడ్లు దానిని ఇరువైపుల నుంచి గట్టిగా అదుముతాయి. ఆ ప్యాడ్లలో ఉక్కు నూలు, గ్రాఫైటు, కొన్ని లోహపు పొడులు, వీటన్నింటినీ పట్టి ఉంచే గట్టి జిగురు ఉంటాయి. ఒరిపిడికి ప్యాడూ అరుగుతుంది, డిస్కూ అరుగుతుంది. అలా రాలిన సన్నని వేడి రజను చక్రంపై వాలి, దాని పైపూతలో నాటుకుంటుంది. ఆపై మంచో, వాననీరో తగిలితే అందులోని ఇనుపరేణువులు త్రుప్పుపట్టి మరింత బిగుసుకుంటాయి. నీటితో కడిగితే పోయే మామూలు మట్టికి, మొండిగా అంటుకునే ఈ ధూళికి తేడా ఇదే. బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు వాలుతుంది కనుక ముందు చక్రాలకే ఇది ఎక్కువగా పడుతుంది.

కాబట్టి ఇది ఇనుము, బొగ్గువంటి పదార్థాల పొడి. నెత్తురు, మలమూత్రాల వంటి నజాసత్ ఇందులో ఏదీ లేదు. మురికి వేరు, నజాసత్ వేరు. మురికి కంటికి బాగుండదు, దానిని కడుక్కోవడం మంచి సంస్కారం. నజాసత్ ఉన్నంతవరకు నమాజుకు ఆటంకం. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్లనే శ్రమజీవులు అకారణంగా నమాజుకు దూరమవుతున్నారు. చక్రం కడుగుతున్నప్పుడు చిందిన బురదనీటి విషయంలోనూ పండితులు సౌలభ్యం కల్పించారు. వీధి బురద నుంచి తప్పించుకోవడం కష్టం కనుక, అందులో నజాసత్ స్పష్టంగా కనిపిస్తే తప్ప బట్ట అశుద్ధమైనట్లు కాదు. చక్రానికి పేడో, చచ్చిన జంతువు అవశేషమో అంటి ఉండడం కళ్లారా చూస్తే మాత్రం చిందిన చోటును కడుక్కోవాలి.

పొర వేరు, రంగు వేరు

వుజూకు కావలసింది నీరు చర్మాన్ని తాకడం. నీటిని అడ్డగించే పొర ఉన్నదా లేదా అన్నదే అసలు ప్రశ్న. మన ఇళ్లలోని స్త్రీలకు ఈ తేడా బాగా తెలుసు. గోరింటాకు ముద్ద చేతికి ఉండగా వుజూ కాదు. ముద్ద రాలిపోయి ఎరుపు మాత్రమే మిగిలితే వుజూ అవుతుంది. గోళ్లరంగు పొరగా నిలుస్తుంది కనుక దానిని తొలగించాలి. మీ చేతి గీతల్లో మిగిలిన నలుపు గోరింటాకు ఎరుపు వంటిది. దానిపై గోటితో గీసి చూడండి. పొట్టుగా గాని, ముద్దగా గాని ఏదీ లేవకపోతే అది మరక మాత్రమే. మీ వుజూ నిస్సందేహంగా చెల్లుతుంది. గ్రీజు గడ్డగా అంటి ఉంటే, తారు పెచ్చుగా ఉంటే, రంగు ఎండి పొరకట్టి ఉంటే దానిని తీసివేసి వుజూ చేయాలి. చర్మం చీరుకునేదాకా తోమమని ధర్మం ఎవరినీ ఆదేశించలేదు. పని చేసేవారి గోళ్ల సందుల్లోని మట్టి విషయంలో హనఫీ పండితులు మినహాయింపునే చెప్పారు.

పని ముగిసిన వెంటనే, నీరు తగలకముందే, కొంచెం కొబ్బరినూనెను అరచేతులకు రుద్ది, గుడ్డతో తుడిచి, ఆ తరువాత సబ్బుతో కడిగితే ఈ నలుపు చాలావరకు వదులుతుంది. అన్నిటికన్నా మేలైన ఉపాయం చేతికి రబ్బరు తొడుగు వేసుకోవడం.

వరుసలో ఎవరికి చోటు?

మస్జిదె నబవీలో తొలి వరుసల్లో నిలబడినవారు ఎవరు? ఖర్జూర తోటల్లో నీళ్లు తోడినవారు, మోతలు మోసినవారు, గొర్రెలు కాచినవారు. హజ్రత్ ఆయిషా (రజి) తెలిపిన ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది. ఆనాటి ప్రజలు తమ పనులు తామే చేసుకునేవారు, అదే స్థితిలో జుమాకు వచ్చేవారు; అందుకే స్నానం చేసి వస్తే బాగుంటుందని వారికి చెప్పబడింది. ఆ మాటలోని కారుణ్యాన్ని గమనించాలి. చెమట వాసనకు పరిష్కారంగా స్నానం సూచించబడింది గాని, మసీదుకు రావద్దన్న ఆజ్ఞ వెలువడలేదు.

దీనికి రెండవ ప్రక్క కూడా ఉంది. పచ్చి వెల్లుల్లి తిని ఆ వాసనతో మసీదుకు రావడాన్ని దైవప్రవక్త (స) వారించారు. చక్రాల ధూళిని కరిగించే మందులలో గంధకపు దుర్వాసన గలవి ఉన్నాయని మీకు తెలిసే ఉంటుంది. అది తోటివారికి బాధ కలిగిస్తుంది. కనుక షెడ్డులో ఒక మేకుకు శుభ్రమైన చొక్కా, లుంగీ తగిలించి ఉంచండి. అజాన్ వినగానే ముఖం, చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుని వెళ్లడానికి ఐదు నిమిషాలు పట్టదు. ఆ పెద్దాయన ఈ మాటే మృదువుగా చెప్పి ఉంటే ఎంత బాగుండేది! వుజూ చెల్లదన్న మాట మాత్రం సరైనది కాదు. ఈ సంచికను ఆయనకు గౌరవపూర్వకంగా చూపించండి, వాదానికి దిగవద్దు. ఆ యువకుని వద్దకు మీరే వెళ్లి, వెంటబెట్టుకుని మసీదుకు తీసుకుపొండి. హజ్రత్ దావూద్ (అలై) చేతులకు అల్లాహ్ ఇనుమును మెత్తన చేసి, కవచాలు చేసే విద్య నేర్పాడని ఆ యువకునికి చెప్పండి. ఇనుపపని చేసే చేయి చిన్నబోవలసిన అవసరం లేదు.

యాసిడ్ మెరుపు ఎన్నాళ్లు?

ఇప్పుడు రెండవ ప్రశ్న. పెనుకొండ సమీపాన ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారానికి 2017లో ఒప్పందం కుదిరింది. 2019 ఆగస్టులో అక్కడినుంచి తొలి సెల్టోస్ కారు వెలువడింది. ఒకప్పుడు కోటబురుజులకు, షేర్‌ఖాన్ మసీదుకు, బాబయ్య దర్గాకు పేరుపడిన ఈ ఊరి దారిలో నేడు కొత్త కార్లు బారులు తీరుతున్నాయి. వాటితోపాటు వాటిని కడిగే వృత్తీ పెరిగింది. వృత్తి పెరిగినచోట దాని ధర్మం కూడా తెలుసుకోవాలి.

అలాయ్ చక్రం ప్రధానంగా అల్యూమినియంతో చేసినది. దానిపై రంగు, రంగుపై పారదర్శకమైన వార్నిషు వంటి పూత ఉంటాయి. ముఖభాగాన్ని యంత్రంతో చెక్కి మెరిపించిన చక్రాలకైతే ఆ చెక్కిన చోట లోహాన్ని కాపాడేది ఆ పల్చని పూత ఒక్కటే. అల్యూమినియం తీరు విచిత్రమైనది. అది ఘాటైన ఆమ్లానికీ కరుగుతుంది, ఘాటైన క్షారానికీ కరుగుతుంది. స్నానపుగది యాసిడ్ పూసినప్పుడు ధూళితోపాటు పూత అంచులు కూడా దెబ్బతింటాయి. ఆనాడు మెరిసిన చక్రమే కొంతకాలానికి తెల్లని మచ్చలు వేసి, పూత పొక్కి, పురుగు తొలిచినట్లు గుంటలు పడుతుంది. దాని ఆవిరి తగిలి ప్రక్కనున్న డిస్కూ, బోల్టులూ త్రుప్పుపడతాయి. వాషింగ్ సోడా, ఘాటైన బట్టల పొడి మాత్రం మేలైనవి కావు. పట్టుచీరను సోడా నీటిలో ముంచితే ఏమవుతుందో ధర్మవరంలోని ఏ నేతకారుని ఇంట అడిగినా చెబుతారు. హిందూపురం మార్కెట్టు చింతపండు ఇత్తడి బిందెలకు మంచిదే గాని, అలాయ్ చక్రానికి పూసి ఎండనివ్వడం మంచిది కాదు. గిన్నెలు తోమే పీచు పూతపై గీతలు పెడుతుంది. ఆ గీతల్లోనే మరుసటి ధూళి గూడు కట్టుకుంటుంది.

కడిగేవాని బాధ్యత

మన మదరసాలలో బోధించే హిదాయా గ్రంథాన్ని హిజ్రీ 593లో మరణించిన ఇమామ్ బుర్హానుద్దీన్ మర్గీనానీ (రహ్మ) రచించారు. అందులో కూలి ఒప్పందాల ప్రకరణంలో, అనేకుల పని చేసిపెట్టే వృత్తికారుని గురించిన చర్చ ఉంది. అక్కడ ఉదాహరణగా తీసుకున్నది బట్టలు ఉతికేవానినే. అతడు బండపై కొట్టడం వల్ల వస్త్రం చిరిగితే ఆ నష్టం అతనిదేనని హనఫీ పండితుల నిర్ణయం. ఎందుకంటే యజమాని అతనికి అనుమతించినది బాగుచేసే పని. చెడగొట్టే పని ఆ అనుమతిలో లేదు. మీ చేతికి వచ్చిన చక్రం ఆ వస్త్రం వంటిదే. కారు తాళం మీ చేతిలో పెట్టినవాడు ఒక అమానతును మీకు అప్పగించాడు.

దీనిని విడమరచి చూడాలి. యాసిడ్ పూత చక్రాన్ని పాడుచేస్తుందని మీకు తెలిసి, అతనికి తెలియక, మీరు చెప్పకుండా పూసి డబ్బు తీసుకుంటే అది మోసం. ఆ పని వల్ల చక్రం చెడితే పరిహారం మీపై ఉంటుంది. అంగడిలో ధాన్యపు రాశిలోకి దైవప్రవక్త (స) చేయి దూర్చి చూడగా అడుగున తడి తగిలిన సంఘటన మీరు వినే ఉంటారు. పైన పొడి గింజలు, అడుగున తడి గింజలు ఉంచిన వ్యాపారిని ఆయన (స) గట్టిగా మందలించారు. పైకి మెరుపు, లోపల తినివేత గల చక్రం కూడా అలాంటి రాశియే.

ఇక గిరాకీకి నష్టం వివరంగా చెప్పిన తరువాత కూడా అతడు యాసిడ్‌నే కోరితే? వస్తువు అతనిది కనుక మోసమనే దోషం తొలగుతుంది. అయినా సొమ్మును వృథాగా పాడుచేయడానికి తోడ్పడడం, దానికోసం మీ కుర్రవాళ్ల ఊపిరితిత్తులను పణంగా పెట్టడం మిగిలే ఉంటాయి. వద్దని చెప్పి, సరైన పద్ధతికి కొంచెం ఎక్కువ సమయం, కొంచెం ఎక్కువ రుసుము అడగడమే మీకు తగిన మార్గం. ఒకరిద్దరు వెళ్లిపోవచ్చు. ఉపాధి ప్రదాత అల్లాహ్.

సరైన పద్ధతి

ఈ విద్యలో అనుభవం గలవారిని విచారించి వ్రాస్తున్నాను. సొంత కారును ఇంటి ముందు కడుక్కునేవారికి కూడా ఇది పనికివస్తుంది.

1. రహదారిపై నుంచి వచ్చిన బండి చక్రాన్ని వెంటనే కడగరాదు. బ్రేకు డిస్కులు ఎంతో వేడెక్కి ఉంటాయి. వాటిపై చన్నీళ్లు పడితే డిస్కు వంకరపోయే ప్రమాదముంది. పూసిన మందు కూడా క్షణాల్లో ఎండిపోయి మచ్చ వేస్తుంది. నీడన నిలిపి, చక్రం చేతికి చల్లగా తగిలేవరకు ఆగాలి.

2. ముందుగా నీటితో వదులు మట్టిని దిగజార్చాలి. ఎండిన ధూళిని గాలి గొట్టంతో ఊదరాదు; అది నేరుగా ఊపిరిలోకి పోతుంది.

3. ఒక బకెట్టులో కారు షాంపూ కలిపిన నీరు, మరొక దానిలో మామూలు నీరు పెట్టుకోవాలి. ఒక్కొక్క చక్రాన్ని ముగించి మరొకదానికి పోవాలి. మెత్తని బ్రష్‌తో ఆకుల మధ్య, బోల్టుల చుట్టూ, లోపలి గోడ వరకు రుద్ది, ప్రతిసారీ మామూలు నీటిలో జాడించి, మళ్లీ షాంపూ నీటిలో ముంచాలి. చక్రాలకు వాడిన గుడ్డను కారు పైభాగానికి వాడకూడదు.

4. ఇంకా మిగిలిన గోధుమరంగు చుక్కలకు ఇనుపరేణువులను కరిగించే ప్రత్యేకమైన ద్రావణం దొరుకుతుంది. ఆమ్లమూ క్షారమూ కాని సమస్థితిలో ఉన్నదానిని ఎంచుకోవాలి. చల్లిన కొద్దిసేపటికి అది ఇనుముతో కలిసి ఊదారంగుకు మారుతుంది. డబ్బాపై వ్రాసిన నిమిషాలకు మించకుండా, ఎండకముందే పుష్కలంగా కడగాలి. తారు చుక్కలపై ఇది పనిచేయదు. తారుకు వేరే మందు ఉంది.

5. అప్పటికీ చేతికి గరుకుగా తగిలితే, కారు పూతలకు వాడే మెత్తని క్లేను షాంపూ నీటి తడిపై మృదువుగా జరపాలి.

6. పొడిగుడ్డతో తుడిచి, ముఖభాగానికి పల్చగా మైనం పూస్తే తరువాతి ధూళి గట్టిగా పట్టదు. కానీ మైనం, నూనె, టైరు పాలిష్ ఏదీ బ్రేకు డిస్కుకు గాని, ప్యాడ్లకు గాని తగలకూడదు. తగిలితే బ్రేకు పట్టదు. ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం.

7. కడిగిన వెంటనే బండిని నెమ్మదిగా నడుపుతూ రెండు మూడుసార్లు బ్రేకు మెల్లగా తొక్కితే తడి ఆరిపోతుంది.

రెండు వారాలకు ఒకసారి ఇలా షాంపూతో కడిగే బండికి మొండిమరక అనేదే ఏర్పడదు. మనసుకు పట్టే మాలిన్యం విషయంలోనూ పెద్దలు చెప్పేది ఇదే కదా!

మరొక ఉపకారం మీరు చేయగలరు. నాలుగింటిలో ఒకే చక్రానికి మిగతావాటికంటే అధికంగా ధూళి పట్టి ఉంటే, ఆ బ్రేకు పట్టి వదలడం లేదేమోనని యజమానికి చెప్పి, మెకానిక్ వద్దకు పంపండి. ఆ ఒక్క మాట ఒక కుటుంబాన్ని ప్రమాదం నుంచి తప్పించవచ్చు.

కుర్రవాళ్ల చేతులు, ఊరి నీరు

చక్రాలు కడిగేందుకు అమ్మే కొన్ని ఘాటైన ద్రావణాలలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గాని, అమ్మోనియం బైఫ్లోరైడ్ గాని ఉంటుంది. డబ్బాపై ఈ పేర్లు కనిపిస్తే దానిని షెడ్డులోకి రానివ్వకండి. అది చర్మంపై పడినప్పుడు వెంటనే మంట పుట్టకపోవచ్చు. గంటల తరువాత నొప్పి మొదలయ్యేసరికి లోపలి కండను, ఎముకను తాకి ఉంటుంది. ఒంటిలోని కాల్షియంను పట్టేసి గుండెకే ముప్పు తెస్తుంది. పొరపాటున పడితే ధారగా నీటితో కడుగుతూ, ఆలస్యం చేయకుండా ఆ డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకుపోవాలి. అలాగే స్నానపుగది యాసిడ్‌ను బ్లీచింగ్‌తో ఎన్నడూ కలుపరాదు. వెలువడే వాయువు ప్రాణాంతకం. చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న బోధన మనందరికీ తెలుసు. ఆ చెమట కార్చే దేహానికి హాని కలగకుండా చూడడం కూడా యజమాని బాధ్యతే. ఇద్దరికీ తొడుగులు, కళ్లద్దాలు, ముఖానికి మాస్కు కొనిపెట్టండి.

నీటి సంగతి కూడా చెప్పాలి. మన ఉమ్మడి అనంతపురం ప్రాంతానికి ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే దక్కుతుంది. ఎక్కడో ప్రవహించే కృష్ణా నీరు హంద్రీ–నీవా కాలువ ద్వారా గొల్లపల్లి జలాశయానికి చేరితే మనం సంతోషించే స్థితి. దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో వుజూ చేసేవారని హదీసులలో ఉంది. మన లెక్కలో అది ముప్పావు లీటరు నుంచి ఇంచుమించు లీటరు వరకు. ఆయన (స) అనుచరులం గొట్టం తెరిచి వదిలేసి మాట్లాడుకుంటూ నిలబడడం శోభించదు. పైన చెప్పిన రెండు బకెట్ల పద్ధతిలో గొట్టం అవసరం మొదట, చివర మాత్రమే.

కడిగిన నీరు ఎటు పోతున్నదో కూడా చూడాలి. బ్రేకు ప్యాడ్లలోని రాగి వాననీటితో వాగుల్లో చేరి చేపలకు హాని చేస్తుందని గుర్తించి, అమెరికాలోని వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2010లోనే దానిని తగ్గించే చట్టాలు చేశాయి. ఐరోపా సమాఖ్య 2024లో ఆమోదించిన యూరో 7 నిబంధనలు బ్రేకు ధూళికి కూడా తొలిసారిగా హద్దు విధించాయి. పెట్రోలు, డీజిలు కార్లకు అది కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు. కనుక షెడ్డు వెనుక ఇసుక, కంకర నింపిన ఇంకుడు తొట్టి కట్టించి, అడుగున పేరుకునే నల్లబురదను ఎప్పటికప్పుడు తీసి, పొలాలకు, బావులకు చేరకుండా చూడండి. దారిలోని హానికర వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖలలో ఒకటైనప్పుడు, మన షెడ్డు నుంచి హానిని దారిలోకి వదలడం ఎలా తగుతుంది?

కార్లున్న పాఠకులకు

ఈ మాట మీకోసం. పది నిమిషాల్లో మెరుపు కావాలని తొందరపెట్టేది మనమే. ఆ తొందరే యాసిడ్ సీసాను తెరిపిస్తున్నది. బండి అప్పగించేటప్పుడు ‘యాసిడ్ వద్దు, నిదానంగా చేయండి’ అని ఒక్క మాట చెప్పండి, దానికి తగిన రుసుము బేరమాడకుండా ఇవ్వండి. పెళ్లికి పోయే కారు చక్రం మెరిసిందా అని వంగి చూసేటప్పుడు, దానిని తోమిన చేతుల వైపు కూడా ఒకసారి చూడండి. జుమా నాడు ఆ చేతులు మీ ప్రక్క వరుసలో కట్టుకుని నిలబడితే కొంచెం జరిగి చోటివ్వండి.

సోదరా! మీ కుర్రవాని వుజూ చెల్లుతుంది, అతని నమాజూ చెల్లుతుంది. యాసిడ్‌ను విడిచి, చెప్పింది చేసి, చేసింది దాచకుండా తీసుకునే రుసుము మీకు హలాల్. ఇంతకుముందు యాసిడ్ పూసిన బండ్ల యజమానులలో తెలిసినవారు ఎదురైతే విషయం చెప్పి, నష్టం కనిపించినచోట వారితో పరిష్కరించుకోండి. మీ ప్రశ్నలోని ఆందోళన చూస్తే అందుకు మీరు సిద్ధంగానే ఉన్నారనిపిస్తున్నది. అల్లాహ్ మీ ఉపాధిలో శుభం ప్రసాదించుగాక! మన చేతులను హానినుంచి, మన సంపాదనను మోసం నుంచి కాపాడుగాక! ఆమీన్.